నిర్దోషుల ధరవరలు

సికింద్రాబాద్ గొప్పలు చెప్పమంటే క్లాక్ టవరంటారు, ప్యారడైజ్ బిర్యానీ అంటారు, ఉజ్జయిని మహంకాళి బోనాలంటారు. కుట్ర కేసు ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. పదిహేనేళ్లు మన ఊరి పేరును కోర్టు కాగితాల మీద మోసిన కేసుకు ఇదేనా మర్యాద?

1974 మేలో విప్లవ రచయితల్ని పట్టుకెళ్లారు. పాటలు కట్టి, కవితలు రాసి, ఉపన్యాసాలిచ్చి సర్కారును కూలదోయడానికి కుట్ర పన్నారన్నారు. తెలుగు కవిత్వానికి అంత సత్తా ఉందని మనస్ఫూర్తిగా నమ్మిన పాఠకుడు పోలీసు శాఖ ఒక్కటే. విమర్శకులెవరూ ఏ కవినీ అంతగా మెచ్చుకున్న దాఖలా లేదు. 1989 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. నేరం రుజువు కాలేదు, ఇళ్లకు వెళ్లొచ్చు. వాళ్లలో కవి చెరబండరాజు వెళ్లలేదు. మెదడులో కణితితో 1982లోనే పోయాడు. వాయిదాకు రాకపోయినా వారంటు పుట్టని కారణం అదొక్కటే.

ఈ మధ్యలో ఒక చిత్రం జరిగింది. 1985లో వరవరరావు ఈ కేసులో తనకున్న బెయిలును తానే రద్దు చేయించుకుని జైలుకెళ్లారు. వరంగల్‌లో పౌరహక్కుల నాయకుడు డాక్టర్ రామనాథాన్ని కాల్చి చంపిన ఏడాది అది. పౌరుడికి ప్రాణభయం లేని చోటు జైలేనని తేలింది. లోపల ఊరికే కూర్చుంటే ఏం బాగుంటుందని కాబోలు, మరుసటేడు రాంనగర్ కుట్ర కేసు తగిలించారు. అది 2003లో వీగిపోయింది. పదిహేడేళ్లు! పక్క పేట వాళ్లు మన రికార్డును రెండేళ్ల తేడాతో కొట్టేశారు.

సికింద్రాబాద్ కేసులో ముద్దాయిల తరఫున నిలబడింది కె.జి. కన్నబిరాన్. అంతకుముందు పార్వతీపురం కుట్ర కేసులోనూ ఆయనే. డిఫెన్సు లాయరంటే మన సినిమాల్లో దొంగల్ని వదిలించే నల్లకోటు విలను. అసలు పని చూస్తే సినిమా తీసేవాడికి నిద్రొస్తుంది. పంచనామా కాగితంలో చెట్టు కింద కూర్చుని రాశామని ఉంటుంది. అడుగున సంతకం పెట్టిన పంచుకు ఆ చెట్టు వేపో చింతో తెలియదు. స్టేషన్లో బల్ల దగ్గర పెట్టమన్న చోట పెట్టాడు. ఆ సంగతి అతని నోటితోనే, జడ్జి ముందు, రికార్డులోకి ఎక్కించాలి. అలాంటి సాక్షులు వరసగా వస్తూనే ఉంటారు. అన్నేళ్లూ ఆ వరస తరగదు, లాయరు జుట్టు తరుగుతుంది.

కవులకు సంఘాలుంటాయి, కన్నబిరాన్‌లుంటారు. ఎవరూ లేనివాడి ధర తెలియాలంటే పిడతల సత్యంబాబును చూడాలి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, లేడీస్ హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. 2008 ఆగస్టులో ఇతన్ని పట్టుకున్నారు. ఇతనికి గిలెన్ బారీ సిండ్రోమ్, అంటే కాళ్లలో సత్తువ లాగేసే నరాల జబ్బు. అలాంటివాడు తమ కస్టడీ నుంచి పారిపోయాడనీ, వెంటాడి మళ్లీ పట్టుకున్నామనీ పోలీసులే చెప్పారు. నడవలేనివాణ్ని పరిగెత్తించే వైద్యం నిమ్స్‌లో కూడా దొరకదు, ఖాకీ దగ్గరే ఉంది. చనిపోయిన అమ్మాయి తల్లి ‘వీడు కాదు మొర్రో’ అని మొత్తుకుంటూనే ఉంది. ఆవిడ ఎవరు, బిడ్డను పోగొట్టుకున్న తల్లే కదా, ఆవిడకేం తెలుసు! 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అంది, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది, దర్యాప్తు చేసిన పోలీసుల మీద చర్య తీసుకోమంది. తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది. తీరా చూస్తే వస్తుసాక్ష్యాలు విజయవాడ కోర్టులోనే ధ్వంసమయ్యాయి.

లెక్క వేద్దాం. ఎనిమిదేళ్ల ఏడు నెలల పైచిలుకు జైలు, లక్ష రూపాయలు. రోజుకు సుమారు 32. సికింద్రాబాద్ స్టేషన్ ముందు ఇరానీ హోటల్లో ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. ఇరవైల్లో ఉన్న కుర్రాడి ఒక పగలు, ఒక రాత్రి కలిపి అదీ ధర. సమోసా అడిగితే బాకీ పడతాడు.

ఈ 32 కూడా రాయితీ అని గుర్తుంచుకోండి. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పాతబస్తీ కుర్రాళ్లను ఎత్తుకుపోయి చావబాదారు. వాళ్ల మీద పెట్టిన కేసులు నిలవలేదు. జైల్లో మగ్గినవాళ్లకు మూడేసి లక్షలు, పట్టుకుని వదిలేసినవాళ్లకు 20 వేలేసి కిరణ్ కుమార్ రెడ్డి సర్కారు ఇచ్చింది. పైగా మంచివాళ్లని సర్టిఫికెట్లు కూడా. కొట్టినవాడే నడవడి బాగుందని రాసిస్తే అంతకన్నా పూచీ ఏముంటుంది? 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. నిర్దోషిగా బయటపడ్డంత మాత్రాన డబ్బులివ్వాలని లేదంది. 2018 ఏప్రిల్లో ఎన్ఐఏ కోర్టు, అదే పేలుడుకు తర్వాత పట్టుకున్న అసీమానంద సహా ఐదుగుర్నీ వదిలేసింది. మొదటి జట్టు పెట్టలేదు, రెండో జట్టు పెట్టలేదు. ఆ బాంబు నమాజుకు తానే నడిచొచ్చింది.

ఢిల్లీ వాళ్లను మాత్రం మెచ్చుకోవాలి, ఏదీ దాచలేదు. 1979లో పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరేటప్పుడే ప్రపంచానికి రాసిచ్చారు: అక్రమంగా అరెస్టయినవాడికి సర్కారు నుంచి పరిహారం రాబట్టుకునే హక్కు మా చట్టంలో లేదు బాబూ అని. 2018లో లా కమిషన్ 277వ నివేదికలో తప్పుడు కేసుల బాధితులకు ప్రత్యేక కోర్టులు పెట్టండి, పరిహారం చట్టంగా చేయండి అంది. 2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాయి. వలస పాలన వాసన పోయిందని చప్పట్లు. లా కమిషన్ చెప్పిన చట్టం అందులో కనపడలేదు.

అయితే ఒకటుంది. కారణం లేకుండా ఎవరినైనా అరెస్టు చేయిస్తే, చేయించినవాడి చేత బాధితుడికి గరిష్ఠంగా వెయ్యి రూపాయలు ఇప్పించవచ్చని పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో 358వ సెక్షన్. చేయించినవాడు అంటే ఫిర్యాదుదారు. చేసిన పోలీసు జోలికి సెక్షన్ పోదు. 2005 సవరణకు ముందు ఆ మొత్తం వంద. కొత్త చట్టంలో అదే సెక్షన్ 399 అయింది. నంబరు 41 పెరిగింది. రూపాయి పెరగలేదు.