జల్లెడలో సిగ్నల్

కోనసీమలో కొబ్బరిచెట్టు కాయనిస్తుంది, ఆకునిస్తుంది, నీడనిస్తుంది. సిగ్నల్ మాత్రం ఇవ్వదు సరికదా, టవరు నుంచి వచ్చేదాన్ని కూడా దారిలోనే మింగేస్తుంది. ఆకుల్లో నీరుంటుంది కదా, దాని ప్రతాపం అది. ఇక వాన వెలిశాక తడిసిన తోట సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ తోట దాటి ఎలాగో మా గోడ దాకా వచ్చిన కాస్త తరంగాన్నీ శ్లాబులోని ఇనుప ఊచలు అడ్డుకుంటాయి. ఊచలు దగ్గర దగ్గరగా వేయమని మేస్త్రీతో పోట్లాడిన ఘనత మా నాన్నగారిది.

ఇంటి నుంచే ఉద్యోగం వెలగబెట్టే మా అబ్బాయి మీటింగుల్లో మాట్లాడేది ఒకే ఒక్క మాట: "వినిపిస్తోందా?"

టౌన్లో కొట్టతను బూస్టర్ పెట్టుకోమన్నాడు. కరెంటుతో సిగ్నల్‌ని పెంచే ఆ పెట్టెని అనుమతి లేకుండా బిగించుకోవడం మన దేశంలో చట్టవిరుద్ధం. మనకి నాలుగు గీతలు రావడం కోసం ఊరందరి ఫోన్లనీ అది గందరగోళం చేయగలదు. ఇక మిగిలింది పాసివ్ ఆంటెన్నా. దానికి కరెంటు అక్కర్లేదు. కొత్తగా ఏమీ పుట్టించదు, ఉన్నదాన్నే ఒక దిక్కు నుంచి పోగుచేస్తుంది. ఒకప్పుడు దూరదర్శన్ కోసం డాబాలెక్కిన అల్యూమినియం పుల్లల ఆంటెన్నాది ఇదే వంశం. 1926 ప్రాంతంలో జపాన్‌లో దాని మీద ఎక్కువ చాకిరీ చేసింది ఉడా. లోకం పిలిచేది మాత్రం ఆయన ప్రొఫెసర్ యాగీ పేరుతో.

అలాంటిదొకటి డాబా మీద పెట్టి కిందికి తీగ లాగుదామంటే ఇంకో చిక్కు. మా సిగ్నల్ వచ్చే 2300 మెగాహెర్ట్‌జ్ దగ్గర సన్నరకం కేబుల్ మీటరుకి దాదాపు ఒక డెసిబెల్ తినేస్తుంది. ఆంటెన్నా పైన సంపాదించింది కిందికి దిగేలోపే హారతి కర్పూరం.

"సిగ్నల్‌ని ఇంట్లోకి తేవడమెందుకు నాన్నా, నెట్ డాంగిల్‌నే దాని దగ్గరికి పంపిద్దాం" అన్నాడు మావాడు. యూఎస్‌బీ తీగలో రేడియో తరంగం ఉండదు, డేటా ఉంటుంది. మూడు మీటర్లు లాగినా నష్టం లేదు. డాంగిల్ పెరటి కిటికీ ఎక్కింది. దాని వెనకాల, రెండు వేళ్ల ఎడంలో, అమ్మ పిండి జల్లెడ నిలబడింది.

ఇందులో శాస్త్రం ఉంది. 2300 మెగాహెర్ట్‌జ్ తరంగం పొడవు 13 సెంటీమీటర్లు. లోహపు తీగల జల్లెడ కన్ను మిల్లీమీటరు కూడా ఉండదు. శనగపిండి దిగుతుంది, సిగ్నల్ దిగదు. కొట్టుకుని వెనక్కి వస్తుంది. తరంగంలో నాలుగో వంతు, అంటే మూడు సెంటీమీటర్ల ఎడంలో డాంగిల్ ఉంటే, నేరుగా వచ్చిందీ తిరిగొచ్చిందీ అక్కడ కలిసి బలపడతాయి. మైనస్ 112 ఉన్న రీడింగు మైనస్ 107కి వచ్చింది. అమ్మ షుగర్ రీడింగులాగా ఇక్కడా అంకె తగ్గితేనే ఆరోగ్యం. అయిదు డెసిబెల్స్ అంటే సిగ్నల్ బలం మూడు రెట్లకు పైమాటే.

జల్లెడకి ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు గాని, అమ్మ లైసెన్సు తప్పనిసరి.

"ఒరేయ్ అబ్బాయ్, నా జల్లెడేదిరా?"

"మీటింగులో ఉందే అమ్మా."

"ముందు లేవదియ్యి. జంతికలకి పిండి జల్లించాలి."

ఆ పూట అమెరికా క్లయింటుకి మా ఇంటి జంతికల వల్ల అంతరాయం కలిగింది. మావాడు "సాంకేతిక కారణాలు" అని రాసి పంపాడు.

తరవాత్తరవాత అమ్మే మారింది. ఆదివారం డాలస్ నుంచి మనవరాలు వీడియోలో కనిపిస్తుంది. బొమ్మ చతురస్రాలుగా ముక్కలవకుండా నవ్వుతుంది. ఇక ఆదివారం జల్లెడ మీద చెయ్యి వేస్తే ఒట్టు. కొత్తది కొనిస్తానంటే, "ఉన్నది ఉండగా ఇంకోటా!" అంటుంది. పిండి పని పడితే పక్కింటి పిన్నిగారి జల్లెడ తెచ్చుకుంటుంది.

మొన్న ఆదివారం అమ్మ అరిసెల పిండి సగం జల్లించిందో లేదో, ప్రహరీ గోడ మీంచి పక్కింటి కుర్రాడి తలకాయ లేచింది.

"బామ్మగారూ, జల్లించడం అయిందాండీ? అవతల నాకు ఇంటర్వ్యూ ఆగిపోయిందండీ!"