స్ప్రింక్లర్‌లో తిష్ఠ వేసిన నీరసం గారికి

నీరసం గారికి, అమలాపురం నుంచి నమస్కారాలండి.

తిడదామనే కాగితం తీశాను. గోదావరి జిల్లా వాళ్ళం కదా, తిట్టు కూడా ‘అండి’ తగిలించందే బయటికి రాదు.

నిటారుగా లేవాల్సిన స్ప్రింక్లర్ తల సగం లేచి, కళ్ళాపి చల్లడానికి ఓపిక లేని మనిషిలా మొదట్లోనే నాలుగు చుక్కలు రాల్చి ఊరుకుంటోంది. ఆ చుట్టే పచ్చన, అవతలంతా ఎండుగడ్డి. ఇటు గౌతమి, అటు వశిష్ఠ, నడుమ వైనతేయ. ఇలాంటి చోట లాన్‌కి నీరందలేదంటే చుట్టాలు నవ్వరాండి?

మీ ధైర్యం ఎక్కడిదో తెలుసు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచీ ఇక్కడి నీరు వాలునే నడుస్తోంది. తూము ఎత్తితే కాలవ నుంచి బోదెకీ, బోదె నుంచి చేనుకీ తనే పోతుంది. అందుకే నీళ్ళున్నాయా అని అడుగుతాం గానీ తోపు ఉందా అని అడగం. స్ప్రే తలకి సుమారు 2 కేజీల ప్రెషర్ ఉండాలి. 10 మీటర్ల ఎత్తుకి ఒక కేజీ లెక్క. డాబా మీది ట్యాంకు 7 మీటర్ల ఎత్తున ఉంటే ముప్పావు కేజీ కూడా రాదు. ‘ట్యాంకు నిండా ఉంది కదండీ’ అని బిగించినాయన సర్ది చెప్పాడు. నిండుగా ఉంటే ఎక్కువసేపు వస్తాయి, ఎక్కువ దూరం ఎగరవు. మీకు మొదటి చుట్టం ఆయనే.

సరే, మోటారు పెట్టాం. అయినా కదల్లేదు మీరు. మీ జాడ మాత్రం తలల వరసే చెప్పేస్తుందండి. ఒక్కటే డీలా పడితే దాని నాజిల్‌లో ఇసుక ఇరుక్కుంది. మొదటివి ఎగిరి చివరివి మూలిగితే దారిలో లీకు, లేదా సన్న గొట్టం. అంగుళం బదులు అరంగుళం గొట్టంలో అంతే నీరు పంపితే రాపిడికి పోయే ప్రెషర్ దాదాపు 30 రెట్లవుతుంది మరి. అన్నీ కలిసి వాలిపోతే ఫిల్టరో, ఫుట్‌వాల్వో, వోల్టేజో చూడాలి.

మా ఇంట్లో మీ కాపురం ఫిల్టర్‌లోనే. మూత విప్పితే జాలీకి పచ్చటి నాచు జిగురుగా అంటుకుని ఉంది. దాని కింద గంధంలా మెత్తటి ఒండ్రు. గోటితో గీస్తేగానీ జాలీ కన్నాలు కనబళ్ళేదు. కాలవ తెచ్చే ఆ ఒండ్రే మా చేలకి బలం, మీకేమో పడక. ఎండలో ఉన్న తెల్ల గొట్టంలోకి వెలుతురు దూరి నాచు పెరుగుతోందని దాన్ని మట్టిలో కప్పించాను. ఫిల్టర్‌కి ముందొకటి, వెనకొకటి ప్రెషర్ మీటర్లు పెట్టించాను. తేడా అరకేజీ దాటిందంటే మీరు మళ్ళీ దిగినట్టే, జాలీ కడగాల్సిందే.

వేసవిలో కాలవలు కట్టేసి, నీటిమట్టం దిగి, మోటారు గాలి పీల్చినప్పుడు మాత్రం మిమ్మల్నేమీ అనను. అప్పుడు దొరికిన నీళ్ళు ముందు కొబ్బరిమొక్కలకి. లాన్ ఎండితే ఎండనివ్వండి, తొలకరికి అదే లేస్తుంది.

ఇట్లు,
ఫిల్టర్ కడిగిన చేతులతో,
మీ ఇంటాయన

తా.క. కరెంటు రిపేరు అయిన మర్నాడే మీరు దిగబడితే ముందు మోటారు తిరిగే వైపు చూస్తాను. త్రీ ఫేజులో రెండు తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది. నీళ్ళు వస్తూనే ఉంటాయి, తోపే ఉండదు. ఆ నేరం మీ మీద వెయ్యనండి.