నీళ్లివ్వని బోరు ఆత్మకథ

బడి ఆవరణలో ప్రహరీ పక్కన మోకాలెత్తు ఇనప పైపు, దానికో మూత, మూతకో తాళం. అంతే నేను. రిగ్గు దిగిన రోజే ఒక పెద్దాయన "మోటారు బిగించని బోరు ఎందుకు నాయనా, డబ్బులెక్కువయ్యాయా?" అని అడిగాడు. కాగితాల్లో నా పేరు పీజోమీటర్. చుక్క నీరు తోడకుండా, నాలో నీరెంత లోతున ఉందో చెప్పడమే నా కొలువు.

పుట్టుక గురించి చెప్పేదేమీ లేదు. మొరుసు దాటాక రాయి, రాతిలో ఒక పగులు, పగులులో తడి. చెప్పుకోవాల్సింది ఆ తర్వాతి మంచి రోజులు. నెలనెలా ఒక ఉద్యోగి టేపు పట్టుకుని వచ్చేవాడు. మూత తీసి టేపు వదిలితే, కొస నీటికి తగలగానే పైన చిన్న బజరు కీచుమనేది. నమ్మకం చాలక కొంచెం పైకి లాగి మళ్లీ వదిలేవాడు. అప్పుడుగానీ పుస్తకంలో అంకె వేసేవాడు కాదు. వానలకు ముందు మే నెల మట్టం, వానలు వెనకబట్టాక నవంబరు మట్టం, ఈ రెంటి తేడాను బట్టే ఆ ఏడు భూమి ఎంత నీరు తాగిందో కడతారు.

మా రాయి పరమ పిసినారి. ఇలాంటి రాయే ఉన్న మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ వాళ్లు, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి పరిశోధించారు. అక్కడి గ్రానైటు వదిలే నీరు దాని పరిమాణంలో నూటికి ఒకటిన్నర పాళ్లకు మించదని తేలింది. అంటే మట్టం మీటరు దిగితే, పోయిన నీరు పొలంలో పరిచినా ఒకటిన్నర సెంటీమీటరు లోతు లేదు. వరి మడికి ఒక్క తడికైనా చాలదు. అంత చిన్న ప్రాంతంలో 700కు పైగా బోర్లు ఆడుతుండేవి.

నా అంకెలు కంప్యూటరులోకి వెళ్తాయి. అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ 1980లలో తయారుచేసిన మాడ్‌ఫ్లో అనే ప్రోగ్రాం నేలను గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలోకి వచ్చే నీరెంత, పోయే నీరెంత, మిగిలేదెంత అని లెక్క కడుతుంది. మొదట గడిచిన ఏళ్ల వాన, తోడకం ఇచ్చి నడుపుతారు. అది చెప్పిన మట్టం నాలో కొలిచిన మట్టంతో కలవాలి. కలవకపోతే తప్పు దానిదే, నాది కాదు. కలిసేదాకా సవరించి, అప్పుడు అసలు సంగతి అడుగుతారు: ఈ సర్వే నంబరులో కొత్త బోరు వేసి అయిదేళ్లు తోడితే పక్క రైతు బోరు ఎంత దిగుతుంది? ఇక మ్యాపింగ్ సాఫ్ట్‌వేరులో, ఇప్పటికే ఉన్న బోర్లు, చెరువులు, తాగునీటి పథకాలు చుక్కలుగా పెడతారు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బావి తవ్వకూడదు. ఆ దూరం మ్యాపులో ఇట్టే తేలుతుంది.

చిక్కేమిటంటే, రాతిలో నీరు పగుళ్ల వెంట నడుస్తుంది, గళ్ల వెంట కాదు. ఒక బోరు దుమ్ము లేపితే, అదే పొలంలో నాలుగడుగుల అవతల రెండించుల నీళ్లు పడటం ఇక్కడ మామూలే. నాకూ నా పక్క పీజోమీటరుకూ మధ్య మ్యాపులో కనిపించే రంగు సాఫ్ట్‌వేరు వేసుకున్న అంచనా. మేం తక్కువైనకొద్దీ అంచనా ఎక్కువవుతుంది.

తర్వాత టేపు రావడం తగ్గింది. దానంతటదే కొలిచే పెట్టె ఒకటి బిగించారు. బ్యాటరీ అయిపోయాక అటు చూసినవాళ్లు లేరు. ఒక రాత్రి పెట్టే మాయమైంది. విచిత్రం, పుస్తకంలో నా రీడింగులు మాత్రం ఆగలేదట! పోయిన నెల అంకెకు ఇంత కలిపి, ఇంత తీసి రాసేవారు. నేను అడుగంటిన వేసవిలో కూడా నాలో నీళ్లున్నాయి, కాగితం మీద. ఆ నీళ్లు చూసుకుని మ్యాపులో ఊరికి 'భయం లేద'నే పచ్చరంగు వేశారు, పచ్చరంగు చూసుకుని అనుమతులిచ్చారు. అనుమతి ఎందుకనుకున్నవాళ్ల రిగ్గులు రాత్రిపూట వచ్చాయి. వాళ్లకు అరచేతిలో కొబ్బరికాయ నిలబడ్డ చోటే పాయింటు.

తాళం ఊడాక బడిపిల్లలు మూత తీసి రాయి వేసి, పైపుకు చెవి ఆనించి వినేవారు. బుడుంగుమంటే కేరింతలు. టంగుమంటే "నీళ్లు లేవురా!" ఆ ఏళ్లలో నన్ను నిజంగా కొలిచింది వాళ్లే. ఆ రాళ్లతోనే నా అడుగు పూడుతోందన్నది వేరే సంగతి. మొన్న సైకిళ్ల షెడ్డుకు నేల చదును చేస్తూ ఒకాయన "ఈ పైపు అడ్డం, కోసేస్తే పోలా" అన్నాడు. ఎవరూ కాదనలేదు.

అన్నిచోట్లా ఇంతే కాదు. 2000 తర్వాత అనంతపురం, ప్రకాశం, నల్గొండ వంటి ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) సాయంతో ఒక పథకం నడిచింది. అక్కడ రైతులే టేపు వదిలి మట్టం కొలుచుకుని, ఊరి నీళ్లెన్నో లెక్క చూసుకుని, ఏ పంట వేయాలో కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ ఊళ్ల బోర్లంటే నాకు అసూయ.

బోరు అనుమతికి దరఖాస్తు పెట్టేవాళ్లకు ఒక్క మనవి. కంప్యూటరు ఏం చెప్పిందని తర్వాత అడుగుదురు గాని, మీ ఊరి పీజోమీటరులో చివరిసారి టేపు వదిలింది ఏ తేదీనో ముందు అడగండి. అనుమతి కాగితం మీద ఆ తేదీ కూడా వేయమనండి.