ఓడ దొరా, కాల్మొక్త!

జనగామకు సముద్రం లేదు. మానుకోటకూ లేదు. భూపాలపల్లి జిల్లాకు కాళేశ్వరం దగ్గర గోదావరి ఉంది గానీ, దాని మీద ఇంతవరకు ఎవరూ టై కట్టుకొని తిరగలేదు. అయినా ఈ మూడు ఊళ్లలో మూడు ఇళ్లు నెల రోజులుగా సముద్రం మీదనే బతుకుతున్నాయి. వానలు పడతాయా, వడ్లు కొంటారా అన్న రంధి వెనక్కిపోయింది. ముందుకొచ్చిన ప్రశ్న ఒక్కటే: ఓడలో రెండో రాత్రి ఏం తొడుక్కోవాలి?

మా చిన్నాయన జనగామలో హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. కోడలిది భూపాలపల్లి, వాళ్ల నాయిన సింగరేణిలో ముప్పై ఏళ్లు బొగ్గు తవ్వి దిగిపోయాడు. మా చిన్నమ్మ తమ్ముడు మానుకోటలో మిర్చి వ్యాపారి. ఈ మూడు జంటలనూ గాల్వెస్టన్ రేవులో ఓడెక్కించి ఏడు రాత్రులు కరీబియన్ సముద్రం తిప్పుతానని కొడుకు టికెట్లు కొన్నాడు. అంతవరకు సంతోషమే. టికెట్ల వెనకాల ఒక కాగితం వచ్చింది. ఏడు రాత్రుల్లో రెండు ‘ఫార్మల్ నైట్లు’. మగవాళ్లు సూటూ టై, కుదిరితే టక్సీడో. ఆడవాళ్లు గౌను. నిక్కర్లు, చెప్పులు, టోపీలు పెద్ద భోజనశాలలోకి రాకూడదు.

చిన్నాయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకొని అడిగాడు: “పైసలు మనయి. ఆకలి మనది. మరి అంగీ ఏదో వాళ్లు చెప్పుడేందిరా?”

న్యాయమైన ప్రశ్న. జవాబు మాత్రం పాతది. ఒకప్పుడు అట్లాంటిక్ దాటే ఓడల్లో మొదటి తరగతి దొరలు రాత్రి బువ్వకు ముస్తాబై దిగేవారు. అదే ఓడ అడుగున పొట్ట చేతబట్టుకొని వలసపోయే జనం ఉండేవారు. పైవాడు తాను పైవాడినని తెలుపుకోవాలంటే మెడకు ఏదో ఒకటి కట్టుకోవాలి గదా! ఇప్పుడు అడుగున వలసజనం లేరు, ముస్తాబు మాత్రం మిగిలింది. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ పోయే క్వీన్ మేరీ 2లో ఇప్పటికీ గాలా రాత్రులున్నాయి. నార్వేజియన్ అనే కంపెనీ ఈ తంతును అటకెక్కించి, ఏ రాత్రి ఏది తొడుక్కున్నా మీ ఇష్టం అంది. ఆ పాపానికి దాని ఓడలేవీ మునగలేదు.

అసలు కిటుకు ఇంకొకటుంది. ఆ రాత్రి భోజనశాలకు పోయే దారి పొడుగునా పరదాలు కట్టి ఫొటోగ్రాఫర్లు నిలబడి ఉంటారు. మనం సొంత ఖర్చుతో సూటు కుట్టించుకొని, సొంత చెమటతో తడుపుకొని, వాళ్ల పరదా ముందు నవ్వుతాం. తెల్లారి మన మొహాన్ని మనకే డాలర్లకు అమ్ముతారు. తిరుపతిలో జుట్టు మనం ఇస్తే దేవుడు అమ్ముకుంటాడు, అది మొక్కు. మరి ఇది ఏం మొక్కు?

మన దగ్గర సూటు లేని ఇల్లు లేదు. పెళ్లికి అత్తగారు పెట్టిన సూటు ప్రతి బీరువాలో ఒకటి ఉంటుంది. రిసెప్షన్ నాడు మూడు గంటలు వీడియో లైట్ల కింద ఉడికి, ఆనాటి నుంచి కలరా ఉండల నడుమ సమాధిలో పడుకుంటుంది. చిన్నాయన తనదాన్ని తవ్వి తీశాడు. కోటు భుజాల దాకా ఎక్కింది. ప్యాంటు తొడల దగ్గర ఆగి, ముందుకు కదలనంది. దాంతో ఇద్దరం స్టేషన్ రోడ్డులో టైలర్ దగ్గరికి పోయాం.

టైలర్ టేపు మెడలో వేసుకొని కొలతలన్నీ రాసుకున్నాడు. “సారూ, కోటు కుడత, పాయింటు కుడత. గా మెడకాడి సీతాకోకచిలుక గూడ కుడత. గని నడుముకు కట్టే పట్టీ అంటున్నరు, అదేందో జర ఫొటో జూపెట్టుండ్రి.” ఫోన్‌లో చూపించాను. నల్లటి పట్టుగుడ్డ, మడతలు పెట్టి, తెల్ల చొక్కా మీద నడుముకు చుట్టి ఉంది. పేరు కమర్‌బండ్. అతను అద్దాలు ముక్కు కొసకు జార్చి చూశాడు. పకపకా నవ్వాడు.

“ఓస్, గిదేనా! మా తాత కట్టెటోడు సారూ. దొర ముంగట నిలవడ్డప్పుడు భుజం మీది తువ్వాల తీసి నడుముకు చుట్టుకునెటోడు. చెప్పులు చేతుల పట్టుకునెటోడు. గిప్పుడు దానికి పైసలిచ్చి కట్టుకుంటున్రా?”

చిన్నాయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. కుట్టుమిషను కూడా ఆగింది.

ఆ టైలర్ భాషాశాస్త్రం చదవలేదు గానీ తప్పు చెప్పలేదు. కమర్ అంటే నడుము, బంద్ అంటే కట్టు. ఫారసీ నుంచి మన నోళ్లలోకి వచ్చిన మాట. ఈ దేశం ఎండకు లోకోటు భరించలేక తెల్ల అధికార్లు ఆ నడికట్టును ఎత్తుకెళ్లి దొరతనం చేశారు. 1880ల్లో న్యూయార్క్ దగ్గర టక్సీడో పార్క్ అనే ధనవంతుల కాలనీలో తోక కత్తిరించిన పొట్టి కోటుకు ఆ కాలనీ పేరే అంటుకుంది. ఆ కోటూ ఈ కట్టూ కలిసి ‘ఫార్మల్’ అయ్యాయి. ఒకే గుడ్డ, ఒకే నడుము. లండన్ వాడు కట్టుకుంటే దొర, మనవాడు కట్టుకుంటే “నీ బాంచన్, కాల్మొక్త”.

ఈ పాఠం జనగామకు కొత్త కాదు. దేవరుప్పుల పక్కనే విసునూరు గడి ఉంది. దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి రాజ్యం నడిచిన చోటు. ఆ గడి ముందు నుంచి పోవడానికి కూడా డ్రెస్ కోడ్ ఉండేది. కాగితం మీద అచ్చు వేయలేదు గానీ ప్రతి బడుగు మనిషికీ కంఠతా వచ్చు: తలపాగ దించు, తువ్వాల నడుముకు చుట్టు, చెప్పులు విడువు, వెన్ను వంచు. ఆ వంగిన వెన్నులు నిటారుగా లేచిన రోజున, 1946 జూలై 4న, కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు బలయ్యాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట తన ఇంటికే చేరాలని దొరకు ఎదురు నిలిచింది. దొరల బట్టలు రేవుకు మోసే కులంలో పుట్టిన మనిషి ఆమె. అందరి బట్టలకూ ఒక్కతీరు మైలే అంటుతుందని ఆమెకు ఎవరైనా చెప్పాలా? అలాంటి నేల మీద పుట్టి, గడి దాటి, వీసా సంపాదించి, రెండు విమానాలు మారి, మళ్లీ నడుముకు గుడ్డ చుట్టుకోవడానికి మనం వాయిదాల్లో డబ్బు కడుతున్నాం.

మానుకోట మామకు ఈ చరిత్ర పట్టలేదు. ఆయన వాదన వేరు. “మన ఊరి పేరేంది బావా? మహబూబాబాద్! మహబూబ్ అలీ పాషా పేరు. ఆయన తొడిగిన బట్ట మళ్ల తొడగలే. మనమేమన్న తక్కువా?” అన్నాడు, ఏడు రాత్రులకు ఏడు జతలు బేరం చేసి వచ్చాడు. ఆరో నిజాం గురించి అలాగే చెప్పుకొంటారు. పురానీ హవేలీలో ఆయన బట్టల బీరువా గోడ పొడుగునా సాగే చెక్క మేడ. ఇప్పటికీ జనం టికెట్ కొని చూస్తారు. కానీ మామ ఆరో నిజాం దగ్గరే ఆగిపోయాడు. ఆ బీరువా వారసుడు ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ను 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని అట్ట మీద వేసింది. ఆయన మాసిన షేర్వానీ, పాత టోపీ కథలు మాత్రం హైదరాబాద్ నేటికీ చెప్పుకొంటుంది. తమాషా ఏమంటే, దర్బారుకు వచ్చేవాడు మాత్రం నెత్తిన దస్తార్ అనే తలపాగా, నడుముకు బగ్లూస్ అనే పట్టీ లేకుండా రాకూడదు. చూశారా, మళ్లీ నడుమే! నియమం ఎప్పుడూ కుర్చీలో కూర్చున్నవాడికి కాదు, ఎదురుగా నిలబడ్డవాడికే.

ఆడవాళ్ల సంగతి చెప్పాలంటే ఒక్క మాట చాలు. కోడలు ఫోన్‌లో “గౌను తీసుకోండి అత్తమ్మా” అంది. చిన్నమ్మ బీరువా తెరిచి గద్వాల పట్టుచీర తీసి మంచం మీద పడేసింది. “ఇది జూసినంక వాళ్లే గౌనిప్పి అడుగుతరు, మాకు గూడ ఒకటి తెమ్మని.” అక్కడితో ఆడవాళ్ల సమస్య తీరింది. మగవాళ్ల సమస్య నెల దాటినా టైలర్ దగ్గరే ఉంది.

తెల్లవాణ్ని తిట్టి చేతులు దులుపుకుందామంటే అదీ కుదరదు. 2014 జూలైలో చెన్నైలో తమిళనాడు క్రికెట్ సంఘం క్లబ్బుకు హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ హరిపరంథామన్ ధోవతి కట్టుకొని పోతే గుమ్మంలోనే ఆపేశారు. ఆపినవాడు ఇంగ్లండ్ నుంచి రాలేదు, వాడూ ధోవతి కట్టే తాతకు మనవడే. ఆ ఏడాదే అక్కడి అసెంబ్లీ చట్టం చేసింది: ధోవతి కట్టినవాణ్ని బయట నిలబెడితే క్లబ్బు లైసెన్సు పోతుంది, జైలు కూడా ఉంది. మన దగ్గర అలాంటి చట్టం అడిగేవాడేడి? మన దగ్గర ఏప్రిల్ ఎండలో యూకేజీ పిల్లలకు నల్లగౌను, పలక లాంటి టోపీ తొడిగి ‘గ్రాడ్యుయేషన్ డే’ చేస్తున్నాం. ముక్కు తుడుచుకోవడం రాని పట్టభద్రులు! జనగామ కోర్టులో మే నెలలో వకీళ్లకు నల్లకోటు నుంచి మినహాయింపు ఉంది. యూకేజీ పట్టభద్రుడికి అదీ లేదు. ఓడ కంపెనీ మనకు కొత్తగా నేర్పేదేముంది? నడుము వంచే విద్యలో మనకు చిన్నప్పుడే డిగ్రీ ఇస్తున్నారు.

ఇక భూపాలపల్లి వియ్యంకుడు. ఆయన ఈ రచ్చలో నోరు విప్పలేదు. కాగితం అడిగి తీసుకొని, డ్రెస్ కోడ్ పేజీ వదిలేసి, వెనక పేజీ చదివాడు. “మస్టర్ స్టేషన్ అని రాసిండ్రు బావా. ఓడల గూడ మస్టరున్నదా?”

ఉంది. ఓడ కదిలే ముందు ప్రయాణికులు తమకు చెప్పిన చోటు చూసుకోవాలి, లైఫ్ జాకెట్ ఎలా తొడగాలో నేర్చుకోవాలి. దాన్ని మస్టర్ డ్రిల్ అంటారు. సింగరేణిలో మస్టరంటే హాజరు. మస్టర్ పడితేనే ఆ రోజు కూలి. “గట్లనా! అయితే నాకు ఎరుకే,” అన్నాడాయన. “మాకు గూడ డ్రెస్సుండె. నెత్తికి టోపీ, టోపీకి లైటు, నడుముకు బెల్టు, బెల్టుకు బ్యాటరీ, కాళ్లకు బూట్లు. గవి లేకుంటే మేనేజరైనా బాయిల దిగొద్దు. దొర అయినా అంతే, మేం అయినా అంతే.”

మొత్తం మాట ఇందులో ఉంది. గనిలోనూ నడుముకు పట్టీ ఉంది, కానీ అది దీపం మోస్తుంది. దర్బారు పట్టీ ఏం మోసింది? గడి తువ్వాల ఏం మోసింది? ఎదుటివాడి గొప్పను.

1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునుగుతుంటే బెంజమిన్ గుగెన్‌హైమ్ అనే కోటీశ్వరుడు లైఫ్ జాకెట్ విప్పేసి, రాత్రి భోజనపు సూటు తొడుక్కొని, పెద్దమనిషిలా చావడానికి సిద్ధపడ్డాడని చెబుతారు. సముద్రం ఆయన టై ముడి చూసి వెనక్కి తగ్గలేదు. రెండేళ్లకు, 1914లో, పలు దేశాలు కూర్చొని ఓడల్లో ప్రాణరక్షణకు ఒప్పందం రాసుకున్నాయి. అందులో పడవల గురించి ఉంది, టైల గురించి లేదు. అంత దూరం ఎందుకు? 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు దగ్గర గోదావరిలో బోల్తా పడింది. కాజీపేట పక్కన కడిపికొండ నుంచి గుంపుగా పోయినవాళ్లు అందులో ఉన్నారు. అందరూ తిరిగి రాలేదు. ఆ పడవ మీద అడగాల్సిన డ్రెస్ కోడ్ ఒక్కటే, లైఫ్ జాకెట్. దాన్ని గట్టిగా అడిగినవాడు లేకపోయాడు.

ఇక తీర్పు చెప్పి ముగిస్తాను. ఏ బట్ట గురించి ఎవరు ఆజ్ఞ వేసినా ఒక్కటే అడగండి: ఇది నా ప్రాణానికా, మీ గొప్పకా? ప్రాణానికైతే ఎండాకాలమైనా తొడగండి, పిల్లలకూ తొడిగించండి, తొడగనివాణ్ని కోప్పడండి. గొప్పకైతే సౌఖ్యం చూసుకోండి. సూటు ఇష్టమైతే సూటే వేయండి, తప్పేమీ లేదు. అప్పు చేసి, భయంతో మాత్రం వేయకండి. ఫార్మల్ రాత్రులకు బాగా పేరుపడ్డ కంపెనీలు కూడా ఎవరి దేశపు పండుగ బట్ట వాళ్లు తొడిగితే కాదనవు. టై లేనివాడికి పై అంతస్తులో బఫే తెరిచే ఉంటుంది. ఇడ్లీ ఉండదు గానీ, అన్నం కడుపు నిండా దొరుకుతుంది.

చిన్నాయన నిన్న టైలర్‌కు ఫోన్ చేసి కమర్‌బండ్ వద్దన్నాడు. గంజి పెట్టిన తెల్లధోవతి, జరీ అంచు కండువా పెట్టెలో సర్దుకున్నాడు. తోటి ప్రయాణికులారా, మీకూ ఒక మాట. ఓడెక్కండి, సముద్రం చూడండి, కడుపునిండా తినండి. కండువా మాత్రం భుజం మీది నుంచి నడుముకు దించకండి. దాన్ని అక్కడికి ఎక్కించడానికి మన జిల్లాలో మనుషులు చచ్చిపోయారు.