నైలు మీద రాయి దారి: ఈజిప్టు యాత్రకు తలకిందుల సలహాలు

ఈజిప్టు యాత్ర అనగానే ట్రావెల్ ఏజెంట్లు చాలావరకు ఒకే వరుస చెబుతారు. ముందు కైరో, పిరమిడ్లు. తర్వాత విమానంలో లక్సర్. అక్కడ ఓడ ఎక్కి నాలుగు రాత్రుల్లో అస్వాన్. అట్నుంచి ఇంటికి. ఇక్కడ నేను రాస్తున్న సలహాలన్నీ ఆ వరుసకు ఎదురు వెళ్తాయి. చదవగానే అడ్డదిడ్డంగా అనిపిస్తాయి. అయినా వీటినే పాటించమని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే వీటిలో ఎక్కువ వాటి వెనక ఉన్న కారణం ఒక్కటే. ఈజిప్టు కట్టడాల రాయిని మోసింది నది. నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. మేలైన గ్రానైటు దక్షిణాన అస్వాన్‌లో ఉంది. అక్కడ కోసిన రాయి పడవలెక్కి, ప్రవాహంతో పాటే ఉత్తరానికి వెళ్ళింది. మనమూ రాయి వెళ్ళిన దారినే వెళ్తే నదీ కట్టడాలూ ఒకే కథగా అర్థమవుతాయి.

1. ఈజిప్టు టికెట్టుకన్నా ముందు నాగార్జునకొండ లాంచీ టికెట్టు కొనండి

అంత దూరం పోయేవాళ్ళకు ఇక్కడి కొండతో పనేమిటని అడుగుతారు. ముంపు నుంచి తప్పించిన అబూ సింబెల్, ఫిలే గుళ్ళ కథ మనకు బోధపడాలంటే ఇక్కడే మొదలుపెట్టాలి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. ముంపులోకి పోయే లోయలోనే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. పురావస్తు శాఖ 1954 నుంచి 1960 వరకు ఆ లోయను తవ్వి, బయటపడిన కట్టడాల్లో ముఖ్యమైనవి కొన్నిటిని కొండ మీదా, ఒడ్డున అనుపులోనూ తిరిగి నిలబెట్టింది. నీళ్ళు చేరాక కొండ దీవి అయింది. ఇక్కడ తవ్వకాలు ముగిసిన 1960లోనే అక్కడ అస్వాన్ హై డ్యామ్ పని మొదలైంది, నూబియా గుళ్ళను కాపాడదాం రమ్మని యునెస్కో ప్రపంచ దేశాలను పిలిచింది. రెండు నదుల మీదా ఒకే కాలంలో ఒకే ప్రశ్న వచ్చింది: పొలానికి నీళ్ళు కావాలి, మరి పాత ఊరిని ఏం చేయాలి? లాంచీలో కొండకు వెళ్తూ పిల్లలకు ఈ సంగతి చెప్పండి. రేపు హై డ్యామ్ వెనక నిలిచిన లేక్ నాసర్ ఒడ్డున మళ్ళీ చెప్పనక్కర్లేదు.

హైదరాబాద్ వాళ్ళకు ఇంకో పని. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఒకటి ఉంది. బయలుదేరేలోగా ఒకసారి చూసి రండి.

2. పిరమిడ్లను ఆఖరుకు పెట్టుకోండి

కైరోలో దిగిన రోజే మరో విమానం పట్టుకుని అస్వాన్ వెళ్ళిపోండి. గీజా పిరమిడ్లు ఆ ఊళ్ళోనే ఉన్నాయని తెలిసి కూడా వెళ్ళిపోవడం కష్టమే. కానీ ముందే వాటిని చూసినవాళ్ళకు ఆ తర్వాత చూసేదంతా చిన్నదిగా కనిపిస్తుంది. చివర చూసినవాళ్ళకు పిరమిడ్ లోపల ఇంకో సంగతి కనిపిస్తుంది. ఖుఫు పిరమిడ్‌లో రాజు గది గోడలూ పైకప్పు దూలాలూ అస్వాన్ గ్రానైటువే. ఒక్కో దూలం పదుల టన్నుల బరువు. సుమారు 800 కిలోమీటర్లు నీటి మీద వచ్చిన రాయి అది. క్వారీని చూసి, అదే నది మీద ప్రయాణించి వచ్చినవాళ్ళకు ఆ గదిలో నిలబడితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

3. గుళ్ళకన్నా ముందు క్వారీకి వెళ్ళండి

అస్వాన్‌లో క్వారీలోని అసంపూర్తి ఒబెలిస్కును చాలామంది పావుగంటలో ముగిస్తారు, కొందరు దిగనే దిగరు. మీరు ఆ పొద్దంతా అక్కడే ఉండండి. సుమారు 42 మీటర్ల పొడవు, వెయ్యి టన్నులకు పైగా బరువు ఉండాల్సిన ఏకశిల అది. చెక్కుతుండగా పగులు కనబడింది, అలాగే వదిలేశారు. అక్కడ ఇనుప పనిముట్టేదీ వాడలేదు. డోలరైట్ అనే గట్టి రాతి గుండ్లతో మోది మోది గ్రానైటును పొడి చేశారు. ఆ దెబ్బల గుంటలు ఇప్పటికీ వరుసగా కనిపిస్తాయి.

ఇది చూశాక లక్సర్ దగ్గరి కర్నక్‌లో హత్షెప్సుత్ రాణి నిలబెట్టిన ఒబెలిస్కు ముందు నిలబడండి. అది దాదాపు 30 మీటర్లు. క్వారీ పని ఏడు నెలల్లో ముగిసిందని దాని పీఠం మీదే రాయించింది. ఒబెలిస్కులను పడవ మీద తెస్తున్న శిల్పం నదికి అవతల దేర్ ఎల్ బహ్రీలో ఆమె గుడి గోడ మీదే ఉంది. క్వారీ, పడవ, నిలబెట్టిన రాయి: మూడు చోట్లా చూసినవాళ్ళకు గైడు చెప్పాల్సింది పెద్దగా మిగలదు.

4. సగం గుళ్ళు కొట్టేయండి

ప్యాకేజీ కాగితంలో ఎన్ని పేర్లుంటే అంత గిట్టుబాటని లెక్కేయకండి. వరసపెట్టి గుళ్ళు తిరిగితే మూడో రోజుకు అన్నీ కలిసిపోతాయి. రోజుకు ఒకటి, మహా అయితే రెండు చాలు.

తప్పనిసరిగా ఉంచాల్సింది ఎడ్ఫు. హోరస్ గుడి అది. క్రీ.పూ. 237లో మొదలై, క్రీ.పూ. 57లో పూర్తయింది. ఈజిప్టు గుళ్ళలో ఇంత చెక్కుచెదరకుండా, పైకప్పుతో సహా నిలిచినవి చాలా అరుదు. ద్వార గోపురం, ఆవరణ, స్తంభాల మంటపం, గర్భగుడి వరుసగా ఉంటాయి. లోపలికి పోయేకొద్దీ నేల ఎత్తవుతుంది, కప్పు దిగుతుంది, వెలుతురు తగ్గుతుంది. మన గుళ్ళలో పెరిగినవాళ్ళకు ఈ నడక కొత్తగా ఉండదు. ఎడ్ఫును అర్థం చేసుకున్నాక కర్నక్ శిథిలాల్లో ఏది ఎక్కడ ఉండేదో మీరే చెప్పగలరు. ముందే కర్నక్‌కు వెళ్తే 134 స్తంభాల మధ్య దారి తెలియదు. అస్వాన్ నుంచి మొదలుపెట్టమనడానికి ఇది రెండో కారణం.

రెండోది ఎస్నా. ఊరి మధ్య పల్లంలో మిగిలిన ఒక్క మంటపమే కాబట్టి చాలా ఓడలు అక్కడ ఆపవు. మసితో నల్లబడిన దాని పైకప్పును ఈజిప్టు, జర్మనీ నిపుణులు 2018 నుంచి శుభ్రం చేస్తూ వచ్చారు. కింద దాగిన నీలం, ఎరుపు, పసుపు రంగులు బయటపడ్డాయి. ఆ గుళ్ళు ఒకప్పుడు నిండా రంగులతో ఉండేవని కళ్ళారా తెలుసుకునే చోటు అది. ఓడ అక్కడ ఆగుతుందా అని ముందే అడగండి.

5. బాల్కనీ గదికి అదనంగా డబ్బు పెట్టకండి

రేవుల్లో ఓడలు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని నిలుస్తాయి. మీ బాల్కనీ తలుపు తీస్తే పక్క ఓడ గది కిటికీ ఎదురవుతుంది. ఒడ్డుకు వెళ్ళాలంటే రెండు మూడు ఓడల లాబీల్లోంచి నడవాలి. నది కనబడేది పై డెక్కు నుంచే, దానికి అదనపు రుసుము లేదు. మామూలు గది తీసుకుని, మిగిలిన డబ్బుతో అస్వాన్‌లో ఒక రాత్రి ఎక్కువ ఉండండి. సాయంత్రం ఫెలూకా అనే తెరచాప పడవ ఎక్కండి. ఇక్కడ గాలి ఎక్కువగా ఉత్తరం నుంచి వీస్తుంది, నీరు ఉత్తరానికి పారుతుంది. తెరచాప ఎత్తితే దక్షిణానికి, దించితే ఉత్తరానికి. ఈజిప్టు అంతా ఒకే రాజ్యంగా నిలవడానికి ఈ ఏర్పాటు ఎంత తోడ్పడిందో ఆ పడవలో కూర్చుంటే తెలుస్తుంది.

6. భోజనం గంట మోగినా డెక్కు దిగకండి

కోమ్ ఓంబో, ఎడ్ఫు మధ్య ఒకచోట నది బాగా ఇరుకవుతుంది. రెండు గట్లూ పసుపుపచ్చని రాతి గోడలవుతాయి. అదే గెబెల్ ఎల్ సిల్సిలా. కర్నక్, లక్సర్, ఎడ్ఫు గుళ్ళ ఇసుకరాయికి పెద్ద ఆధారం ఈ క్వారీలే. పెద్ద ఓడలు ఇక్కడ ఆగవు, కార్యక్రమంలో దీని పేరు కూడా సాధారణంగా ఉండదు. అందరూ భోజనశాలలో ఉండగానే దాటిపోతుంది. ఏ వేళకు వస్తుందో ఓడ సిబ్బందిని ముందే అడిగి పెట్టుకోండి. ఒకపూట భోజనం ఆలస్యమైతే నష్టం లేదు.

మిగతా మధ్యాహ్నం ఏమీ చేయకుండా డెక్కు మీదే కూర్చోండి. గట్టున చెరుకు, అరటి, ఖర్జూరం. ఆ పచ్చటి పట్టీ కొన్నిచోట్ల ఊరి వెడల్పు కూడా ఉండదు, వెంటనే ఎడారి. దేశమంతా ఆ పట్టీ మీదే బతికింది. ఇథియోపియా కొండల వాన ఏటా వరదై వచ్చి ఒండ్రు పరిచేది. 1970లో పూర్తయిన హై డ్యామ్‌తో ఆ వరద ఆగింది. ఏడాది పొడవునా సాగునీరు అందింది. భూగర్భజలం పైకి వచ్చి, ఉప్పు పేరుకుని గుళ్ళ పునాదులు తినడం కూడా మొదలైంది. డ్యామ్ చేసిన మేలూ కీడూ రెండూ ఈ డెక్కు నుంచే కనబడతాయి.

7. ఫిబ్రవరి 22న అబూ సింబెల్ వెళ్ళకండి

ఏటా ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న ఉదయపు ఎండ గుడి లోపలి దాకా వెళ్ళి గర్భగుడి విగ్రహాల మీద పడుతుంది. ఆ రోజు కోసమే తేదీలు కుదుర్చుకునేవాళ్ళున్నారు. ఆ కొద్ది నిమిషాల కోసం కిక్కిరిసిన జనంలో ముందువాళ్ళ వీపులు చూస్తూ నిలబడాలి. ఇంకో రోజు వెళ్ళండి, అదీ తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరే బస్సులో వద్దు. అస్వాన్ నుంచి సుమారు 280 కిలోమీటర్లు. ఆ బస్సులన్నీ ఒకేసారి చేరి, మధ్యాహ్నానికి వెనుదిరుగుతాయి. మీరు తీరిగ్గా వెళ్ళి, ఆ రాత్రి అక్కడే ఉండండి. సాయంత్రం గుడి ముందు జనం పలచబడతారు.

1964 నుంచి 1968 వరకు డ్యామ్ నీళ్ళలో మునగకుండా ఆ కొండనూ గుడినీ ముక్కలుగా కోసి, 65 మీటర్ల ఎత్తుకు చేర్చి మళ్ళీ అతికారు. మరి నూబియన్ల ఊళ్ళు? వాటిని ఎవరూ ఎత్తుకు చేర్చలేదు. వేలాది కుటుంబాలు ఇళ్ళూ తోటలూ వదిలి వెళ్ళాయి. వాళ్ళ కోసం అస్వాన్‌లోని నూబియన్ మ్యూజియంకు ఒక పూట ఇవ్వండి. సాగర్, శ్రీశైలం ముంపు ఊళ్ళ బంధువులు మనలో ఎందరికో ఉన్నారు, ఆ బాధ మనకు తెలియనిది కాదు.

8. టూటన్‌ఖామున్ సమాధి వదిలేయండి, కూలీల ఊరు చూడండి

లక్సర్ దగ్గరి రాజుల లోయలో మామూలు టికెట్టుతో మూడు సమాధులు చూడవచ్చు. టూటన్‌ఖామున్‌కు వేరే టికెట్టు. 1922లో హోవార్డ్ కార్టర్ బృందానికి దొరికిన ఆ సమాధి చాలా చిన్నది, అందులోని సంపదంతా మ్యూజియంకు వెళ్ళింది. ఆ డబ్బూ సమయమూ దేర్ ఎల్ మదీనాకు పెట్టండి. రాజుల సమాధులు తవ్వి, రంగులు వేసిన పనివాళ్ళ ఊరది. వాళ్ళ ఇళ్ళ పునాదులున్నాయి, తమ కోసం తాము గీసుకున్న చిన్న సమాధులున్నాయి. సెన్నెద్జెం సమాధి గోడ మీద అతనూ భార్యా పరలోకంలో పొలం దున్నుతూ, కోత కోస్తూ ఉంటారు. మూడో రామ్‌సెస్ 29వ ఏట తిండిగింజలు సమయానికి అందలేదని ఈ పనివాళ్ళు పని మానేసి బైఠాయించారు. చరిత్రలో నమోదైన తొలి సమ్మెగా దాన్ని చెబుతారు. ఆ రాతప్రతి ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉంది.

9. పచ్చళ్ళ సూట్‌కేసు ఇంట్లోనే వదిలేయండి

శాకాహారులు భయపడాల్సిన దేశం కాదిది. కొషరీలో అన్నం, మసూరు పప్పు, మాకరోనీ, శనగలు, వేయించిన ఉల్లిపాయ, టమాటా పులుసు ఉంటాయి. తామియా మన గారె లాంటిదే, బాకలా గింజలతో చేస్తారు. అస్వాన్‌లో కర్కదే అని ఎర్రటి పుల్లటి పానీయం ఇస్తారు. అది ఎర్ర గోంగూర మొక్క పూల రక్షక పత్రాలతో కాచింది. మనం ఆకు తింటాం, వాళ్ళు పువ్వు తాగుతారు.

10. పెద్దవాళ్ళను తీసుకెళ్ళండి

ఇంత దూరం వాళ్ళు తిరగలేరని వదిలి వెళ్ళకండి. సామాను ఒక్కసారి సర్దితే చాలు, గదే ఊరూరికీ కదులుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ తట్టుకోగలిగేలా ఉంటుంది. వేసవిలో అస్వాన్‌లో 40 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు మాత్రం వద్దు. ఫిలేకు మోటారు పడవ ఎక్కేటప్పుడు చెయ్యి అందించండి. లోతైన సమాధుల మెట్లు దిగమని బలవంతపెట్టకండి.

మొత్తం లెక్క ఇది: అస్వాన్‌లో మూడు రాత్రులు, అబూ సింబెల్‌లో ఒకటి, ఓడ మీద మూడు, లక్సర్‌లో రెండు, కైరోలో రెండు. కైరో చేరాక పిరమిడ్ల రాళ్ళ గురించి మేరెర్ అనే అధికారి రాసిన దినచర్య గుర్తు చేసుకోండి. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాది అల్ జర్ఫ్‌లో దొరికిన ఆ పపైరస్ తునకల్లో, తన బృందం తూరా సున్నపురాయిని పడవల్లో గీజాకు చేర్చిన రోజుల లెక్క ఉంది. పిరమిడ్ కట్టినవాళ్ళు స్వయంగా రాసుకున్నది కూడా పడవ ప్రయాణాల గురించే.

చివరగా ఒక్క విన్నపం. గుడి గోడ కనబడితే చెయ్యి వేసి కళ్ళకద్దుకోవడం మనకు అలవాటు. అక్కడ మాత్రం వద్దు. వేల చేతుల చెమట ఆ రంగును తీసేస్తుంది. పిల్లలకు ముందే చెప్పండి, తాకేవాళ్ళు కనబడితే మెల్లగా వారించండి.