ఎత్తరుగు ఆసామి

పెరటి తోట వైపు ఎత్తుగా అరుగు కట్టించే ఆసామి టైల్స్ రంగు, ఉయ్యాల గొలుసులు, కుండీల వరస అన్నీ ముందే తేల్చుకుంటాడు. నీళ్లెటు పోవాలని మేస్త్రి అడిగితే మాత్రం “పల్లానికి పోతాయిలేవయ్యా” అని తేల్చేస్తాడు. పల్లమెక్కడో ఆయనకు తెలియదనుకోకండి. పక్కింటి చూరు నీళ్లు తన ప్రహరీలోకి ఏ మూలనుంచి దిగుతున్నాయో ఊరందరికీ వివరించగలడు. అసలు సంగతేమిటంటే, సొంత అరుగు మీద వాలు ఆయన కంటికి పనితనంలో లోపంలా కనిపిస్తుంది. నేలమీద గోలీ పెడితే దొర్లకూడదు, అదీ ఆయన పరీక్ష. గోలీ కదలని చోట నీళ్లు మాత్రం ఎందుకు కదులుతాయి? 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న అరుగు మీద అంగుళం వాన పడితే సుమారు 280 లీటర్లు. వాటిని సాగనంపడానికి 10 అడుగులకు రెండంగుళాల వాలు చాలు. కుర్చీలో కూర్చున్నవాడికి తెలియను కూడా తెలియదు.

గట్టిగా నిలదీస్తే వాస్తును అడ్డం పెట్టుకుంటాడు: నీళ్లు ఈశాన్యానికే పోవాలట. సరే, ఇల్లు ఆయనది, నమ్మకమూ ఆయనదే. కానీ అరుగున్నది ఇంటికి పడమట. అక్కడ తూర్పుకి వాలిస్తే నీళ్లకు ముందుగా తగిలేది ఈశాన్యం కాదు, పడగ్గది గోడ. అదే పొడవునా ఉత్తరానికి వాలిచ్చి, ఇల్లు దాటాక కాలువను తూర్పుకి తిప్పితే వాస్తుకీ గోడకీ తగువే లేదు. మట్టి తాగేస్తుందన్నది ఇంకో వాదన. నల్లరేగడి తడిసి ఉబ్బాక నీళ్లను లోపలికి రానివ్వడానికి మహా బెట్టు చేస్తుంది. పైగా ఎత్తుకోసం పోసిన మట్టిని దిమ్మిస కొట్టకుండా టైల్స్ పరిపించాడు. పునాది తవ్వి పూడ్చిన గోడపక్కనే అది ఎక్కువగా కుంగుతుంది. ఆయన ఇవ్వనన్న వాలు నేలే ఇస్తుంది, అదీ ఇంటివైపు.

అరుగు హాలుతో సమంగా ఉండాలన్న పట్టుదలకు మాత్రం కారణముంది. ముసలివాళ్లకు మెట్టు దిగడం కష్టమే. అలాంటప్పుడు గడప ముందు జాలీ మూతతో కాలువ పెట్టాలి. లేదంటే చెమ్మ ఎక్కకుండా బేస్‌మెంట్ మీద వేసిన పొరకు ఆరంగుళాల కిందే అరుగు ఆగాలి. ఆయన రెండూ చెయ్యడు. గోడ సున్నం పెచ్చులూడాక, అంచుగోడకు గొట్టం పెట్టిస్తాడు, టైల్స్ పగలకుండా నేలకు అంగుళం పైన.