రేవు దాటితే కాగితం

మయామీలో పడవ ఉన్నవాడికి బహమాస్ పక్క ఊరు లాంటిది. తూర్పుగా 80 కిలోమీటర్లు పోతే బిమినీ దీవి. శనివారం పొద్దున్నే గాలాలు, ఐస్‌పెట్టె సర్దుకుని బయల్దేరితే మధ్యాహ్నం భోజనం అక్కడే. చిక్కంతా పడవలో ఉన్న వీహెచ్‌ఎఫ్ రేడియోతోనే.

20 మీటర్లలోపు సరదా పడవ అమెరికా జలాల్లో తిరిగితే ఆ రేడియోకి లైసెన్సు అక్కర్లేదు. 1996లోనే ఎత్తేశారు. నడిసముద్రం దాకా పోయి, పరాయి దేశపు రేవును పలకరించకుండా తిరిగొచ్చినా అక్కడ రేడియో లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ కిక్కురుమనదు. బిమినీలో తాడు కట్టారో, తీయండి లైసెన్సు! తుపాను తగిలే చోట అక్కర్లేని కాగితం, కొబ్బరిబొండాం తాగే చోట కావాలి.

అదీ ఒకటి కాదు. పడవకి స్టేషన్ లైసెన్సు, పదేళ్లది. మాట్లాడే మనిషికి పర్మిట్, జీవితకాలానిది. రెండోదానికి పరీక్ష లేదు. మాట్లాడగలను, వినగలను, కచ్చాగానైనా లాగ్‌బుక్కు రాయగలను, చట్టాలు తెలుసు అని తనకు తానే ధ్రువీకరించుకుంటే చాలు. పెళ్లిచూపుల్లో ఇంతకన్నా ఎక్కువే అడుగుతారు.

అసలు తమాషా నంబరుది. రేడియో మీద ఎర్ర మీట నొక్కితే, ఆపదలో ఉన్నది ఫలానా పడవ అని చుట్టుపక్కల ఓడలకు చెప్పేది ఎంఎంఎస్ఐ అనే తొమ్మిదంకెల నంబరు. ఇంటిపట్టున తిరిగేవాళ్లకి దాన్ని పడవల సంఘాలే ఇస్తాయి. కానీ అది అంతర్జాతీయ జాబితాకెక్కదు. పరాయి రేవుకు పోవాలంటే ఎఫ్‌సీసీ ఇచ్చే కొత్త నంబరు కావాలి. పాతది చెరిపి కొత్తది కొడదామంటే రేడియో వినదు. చాలా సెట్లు ఒకటి రెండుసార్లకు మించి నంబరు ఎక్కించనివ్వవు. నుదుటిరాత మార్చాలంటే బ్రహ్మ దగ్గరికి, అంటే డీలరు దగ్గరికి, సెట్టు విప్పుకుని పోవాల్సిందే.

నిబంధనలన్నీ దండగ అనడానికీ లేదు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునుగుతుంటే దగ్గర్లోని కాలిఫోర్నియన్ ఓడలో ఉన్న ఒకే ఒక్క ఆపరేటరు సెట్టు కట్టేసి పడుకున్నాడు. ఆ ఆగస్టులోనే అమెరికా రేడియో చట్టం తెచ్చి లైసెన్సులు మొదలుపెట్టింది. నిద్రకు మందు లైసెన్సు ఎలా అయిందో మాత్రం అడక్కూడదు.

ప్రాణాపాయంలో ఉన్నవాడు ఏ కాగితం లేకపోయినా 16వ ఛానల్లో కేక వేయొచ్చు. అంతర్జాతీయ రేడియో నిబంధనలే ఒప్పుకుంటాయి. ఫ్లోరిడాలో పడవ కొన్న మనవాళ్లెవరైనా ఉంటే ఒక్క మాట: ఎప్పటికైనా బహమాస్ వెళ్లే ఆలోచన ఉంటే, రేడియోలో నంబరు ఎక్కించకముందే ఎఫ్‌సీసీకి దరఖాస్తు పెట్టుకోండి.